నూనె కలిపిన పెట్రోలు

మా మామ ఎవరినీ నమ్మేవాడు కాదు. ఇది నేను వేసే నింద కాదు, ఆయన నలుగురిలో గర్వంగా చెప్పుకునే మాటే. జొన్నలు కొంటే సంచి అడుగు నుంచి గుప్పెడు తీయించి చూసేవాడు. బస్సెక్కితే కండక్టరు ఇచ్చిన టికెట్టును వెలుతురుకు పెట్టి రెండు వైపులా చదివేవాడు. పెళ్ళిళ్ళకు పోతే చెప్పులు పక్కనే పెట్టుకుని భోజనానికి కూర్చునేవాడు. ఆ రక్తమే మా అమ్మ ద్వారా నాకూ వచ్చింది కాబట్టి ఆయన్ని చూసి నవ్వే హక్కు నాకు పెద్దగా లేదు. అయినా నవ్వేవాణ్ణి.

ఆయన కాపురం ఆళ్ళగడ్డలో. నల్లమలలో కూపులు, అంటే కొట్టుకోమని ప్రభుత్వం హద్దులు పెట్టి వేలం వేసే అడవి ముక్కలు, పాడుకునేవాడు. చెట్లు కొట్టించి దుంగల్ని నంద్యాలలోని తన కలప డిపోకు తోలించేవాడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆఫీసులకు, ఆఫీసర్ల ఇళ్ళకు, ఆ ఆఫీసర్ల కోసం పుట్టిన హోటళ్ళకు దూలాలు కావాలి, తలుపులు కావాలి, బల్లలు కావాలి. కొట్టిన కలప కొట్టినట్టే అమ్ముడుపోతుంటే రంపం లాగే మనుషులు చాలడం లేదు. అందుకని మామ మద్రాసు వెళ్ళి, యుద్ధం తర్వాత మిగిలిన మిలిటరీ సామాన్ల వేలంలో ఒక గొలుసు రంపం కొనుక్కొచ్చాడు.

అలాంటిది మా వైపు ఎవరూ చూసి ఎరుగరు. ఒక కొసన పెట్రోలు ఇంజను, దాన్నుంచి ముందుకు చాచిన మనిషి పొడుగు ఇనుప బద్ద, ఆ బద్ద చుట్టూ పళ్ళున్న గొలుసు. ఇంజను దగ్గర ఒకడు, రెండో కొస పిడి దగ్గర ఒకడు పట్టుకోవాలి. తాడు చుట్టి లాగితే రంకెలు వేసేది. మెత్తటి మానును బాగానే కోసింది. నల్లమద్దికి ఆనించేసరికి నాలుగు వేళ్ళ లోతు పోయి, ఊపిరాడనట్టు ఆగిపోయేది. మామకు వెంటనే అనుమానం వచ్చింది, మద్రాసులో చూపించిన ఇంజను ఒకటి, కట్టి ఇచ్చింది ఇంకొకటి అని.

నాకప్పుడు పెళ్ళీడు. మాది దొర్నిపాడు దగ్గర పల్లె. మా నాయన నన్ను నల్లరేగడిలో ఎద్దులు లాగే గుంటక వెనక నడవమనేవాడు, నాకేమో ఇంజన్ల పిచ్చి. పక్క చేనులో బావి మీద ఆయిలింజను తిరుగుతుంటే మా ఎద్దుల్ని నిలబెట్టి వెళ్ళి చూసేవాణ్ణి. మామ ఆ సంగతి విని కబురు చేశాడు.

"నంద్యాలలో మేస్త్రీకి ఇచ్చినా దాన్ని. బలం పెంచుతానంటాండాడు. నువ్వు పోయి ఆడ కూర్చో, పని నేర్చుకో. మిషన్ బాగైతే కూపులో దాన్ని నడిపేది నువ్వే. రెండో మిషన్ తెచ్చినా నీ చేతికే ఇస్తా. నేర్చుకోలేదనుకో, మీ నాయన గుంటక యాడికీ పోదు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నేర్చుకునేది రెండోది. ముందు కన్ను తీయొద్దు. మంచి సామాను పెరికి పాతది పెడతారురా ఆ నా కొడుకులు," అన్నాడు.

అట్లా నేను ఒకే రోజు శిష్యుణ్ణీ వేగువాణ్ణీ అయ్యాను. గుంటక తప్పుతుందంటే నేను దేనికైనా సిద్ధమే.

ఆ రోజుల్లో నంద్యాలలో ఇంజను విప్పిస్తే సొంత మనిషిని కాపలా కూర్చోబెట్టడం మర్యాద కిందే లెక్క. షెడ్డు ముందు అందుకోసమే ఒక నాపబండ పరిచి ఉండేది. మిల్లు మనిషి, బావి ఇంజను రైతు, లారీ క్లీనరు దాని మీద వరసగా కూర్చుని ఆకు వక్క నములుతూ మేస్త్రీ చేతుల వంకే చూసేవాళ్ళు. మేస్త్రీ అన్నానికి పోతే, విప్పిన సామాన్లను గోతంలో మూట కట్టి తమకు తప్ప ఎవరికీ తెలియని ముడి వేసేవాళ్ళు. మేస్త్రీలు దీనికి కోపం తెచ్చుకునేవాళ్ళు కాదు, కాపలా పెట్టనివాణ్ణే వింతగా చూసేవాళ్ళు. మామ నాకూ ఒక ముడి నేర్పించి పంపాడు.

మా మేస్త్రీ షెడ్డు నూనె మిల్లుల వీధి చివర ఉండేది. నలభై ఏళ్ళ మనిషి, చెయ్యి కన్నా నోరు పెద్దది. నంద్యాలలో తిరిగే ప్రతి ఇంజనూ తాను ఊపిరి పోస్తేనే తిరుగుతున్నట్టు మాట్లాడేవాడు. గొలుసు రంపాన్ని చుట్టూ తిరిగి చూసి, "ఇదేందప్పా, పిట్టంత ఉండాది. ఇంతింత మిల్లు ఇంజన్లు తిప్పినోణ్ణి, దీన్ని తిప్పలేనా?" అని బండ మీద ఉన్నవాళ్ళందరికీ వినబడేట్టు అన్నాడు.

విప్పడం మొదలుపెట్టగానే మొదటి చిక్కు వచ్చింది. మిల్లు ఇంజనుకు అడుగున నూనె తొట్టి ఉంటుంది, లోపల తిరిగే సామానుకంతా నూనె అందులోంచే అందుతుంది. దీనికి నూనె పోసే మూత ఒకటి దొరికింది కానీ, దాని గొట్టం పోయి గొలుసు మీద పడుతోంది. ఇంజను లోపలికి చుక్క పోదు. తలకిందులు చేసి చూశాం, పక్కకు పడుకోబెట్టి చూశాం, బోల్టులు తీసి చూశాం. తొట్టి లేదు.

"మరి ఇంజనుకు నూనె యాడ పోస్తారన్నా?" అని అడిగాను.

ఆయన నా వైపు చూడకుండా, "పెట్రోల్లో," అన్నాడు. "కర్నూల్లో ఒక ఆఫీసరు ఫట్‌ఫటీకి అట్లే పోస్తాండ్రి. దానికీ తొట్టి లేదు."

ఫట్‌ఫటీ అంటే మోటారు సైకిలు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత భయం వేసింది. లారీల పెట్రోల్లో కిరసనాయిలు కలిపి, మిగిలిన పెట్రోలు అమ్ముకుంటారని మా వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు. పెట్రోల్లో ఏది కలిపినా దానికి ఒకటే పేరు, కల్తీ. మేస్త్రీ పదహారు పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు నూనె పోసి డబ్బా కుదుపుతుంటే మామ మాటలు చెవిలో గింగురుమన్నాయి. ఆయన అటు తిరగగానే పెట్రోలు ఎంతవరకు ఉందో అక్కడ డబ్బా బయట బొగ్గుతో గీత పెట్టాను. మర్నాడు చూస్తే మట్టం దిగలేదు. దిగలేదంటే నీళ్ళు పోశాడేమోనని మళ్ళీ అనుమానం. మా వంశమే అంత.

దానికి తోడు, ముఖ్యమైన పని వచ్చినప్పుడల్లా ఆయన గోనెపట్టా అడ్డం కట్టుకునేవాడు. "గాలికి దుమ్ము పడతాదప్పా," అనేవాడు. ఆకు కదలని రోజు కూడా దుమ్మే. లోపలి నుంచి ఆకురాయితో ఇనుము రుద్దే చప్పుడు, మధ్య మధ్య ఆయన తనను తాను తిట్టుకోవడం వినిపించేవి. నేను కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చున్నా కనిపించేది గోనెపట్టే. పిస్టన్ మారుస్తున్నాడు, ఇంకేముంది అనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం బండ మీద మిగతావాళ్ళు కునుకు తీస్తుండగా ఆగలేక పట్టా ఎత్తేశాను.

మా పిస్టన్ ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. మేస్త్రీ చేతిలో ఉన్నది తుక్కు కొట్లో కొన్న పగిలిన సిలిండరు. దాని పొగ రంధ్రాన్ని వెడల్పు చేయబోయి వంకరగా గీకేసి, తల పట్టుకుని కూర్చున్నాడు. పక్కన అట్లా పాడుచేసినవి ఇంకొన్ని పడి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. ఆయన దాస్తున్నది విద్య కాదు, విద్య రాని సంగతి.

"నీకూ రాదా అన్నా?" అన్నాను.

"నోరు మూయ్. బండ మీదోళ్ళకు వినబడతాది," అన్నాడు. మొహం ఎర్రబడింది. ఆకురాయి పక్కన పెట్టి, "రా. లోపలికొచ్చి ఆ పట్టా దించు," అన్నాడు.

ఆ పూట నాకు కలిగిన సంతోషం చెప్పలేను. అంతకాలం నాకొక్కడికే రాదని సిగ్గుపడుతూ కూర్చున్నాను. ఇంత పెద్ద నోరున్న మనిషికి కూడా రాదంటే, నేర్చుకోవడానికి నేను తగనివాణ్ణేమీ కాదన్నమాట. ఆయనకు రాదన్న మాట ఎవరితోనూ అనొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. పెట్టాను.

అక్కడి నుంచి ఇద్దరం కలిసి నేర్చుకున్నాం, అంటే ఇద్దరం కలిసి పాడుచేశాం. ఇంజనుకు బలం రావాలంటే అది ఎక్కువ పీల్చాలి, గట్టిగా నొక్కాలి, త్వరగా పొగ వదలాలి. ఇంతవరకు మేస్త్రీకి తెలుసు. ఎంత అన్నది ఎవరికీ తెలియదు. పొగ రంధ్రం వెడల్పు చేశాక అంచులు పదునుగా వదిలేస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగు వాటికి తగులుకుని విరుగుతుంది. ఆ సంగతి ఒక రింగు విరిచాకే తెలిసింది. ఆ తర్వాత అంచుల్ని గోటికి తగలనంత నున్నగా రుద్దడం నా పని. రుద్ది రుద్ది వేళ్ళు బొబ్బలెక్కేవి.

సిలిండరు కింద వేసే ప్యాకింగును పలచన చేస్తే సిలిండరు కాస్త కిందికి దిగి, పిస్టన్ పెట్రోలు ఆవిరిని ఇంకా గట్టిగా నొక్కుతుంది. మరీ పలచన చేస్తే పిస్టన్ పోయి సిలిండరు పైకప్పుకు కొట్టుకుంటుంది. మధ్యలో ఎంత సందు మిగిలిందో కొలిచే సాధనం మా దగ్గర లేదు. మేస్త్రీ నా సద్దిమూట విప్పి, జొన్న సంగటి చిదిమి చిన్న ముద్ద చేసి పిస్టన్ నెత్తిన అంటించాడు. సిలిండరు బిగించి ఇంజనును చేత్తో ఒక చుట్టు తిప్పాడు. విప్పి చూస్తే సంగటి అప్పడంలా నలిగి ఉంది. ఆ మందమే మాకు కొలత. చాలక మళ్ళీ ప్యాకింగు మార్చడం, మళ్ళీ సంగటి. నా మధ్యాహ్నం తిండి ఎక్కువగా ఆ ఇంజనే తినేది.

చివరిది పెట్రోలు చిమ్మే సన్నని జెట్టు. ఊపిరి పెరిగితే తిండీ పెరగాలి కదా. కంసాలి దగ్గర సూది అడిగి తెచ్చి దాని రంధ్రాన్ని తిప్పి తిప్పి పెద్దది చేశాం. ప్లగ్గు విప్పి రంగు చదవడం నాకు పట్టుబడింది అప్పుడే. తెల్లగా ఉంటే లోపల మాడిపోతోంది, నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, ఇటుక రంగుకు వస్తే సరి. ఇటుక రంగు వచ్చిన రోజు మేస్త్రీ బండ మీద ఉన్నవాళ్ళందరికీ టీ తెప్పించాడు. ఆ రోజే ఇంజను అడుగు గది విప్పి వేలు పెట్టి చూశాను. ఇరుసు మీద, బేరింగుల మీద పలచగా నూనె. పెట్రోలుతో పాటు లోపలికి పోయిన నూనే అక్కడ మిగిలి ఇంజన్ని కాపాడుతోంది. మిగతా నూనె కాలి నీలం పొగగా బయటికి పోతోంది. నా అనుమానం ఆ పూటతో తీరింది. బొగ్గు గీత నేనే తుడిచేశాను.

డిపోలో పరీక్షకు మామ వచ్చాడు. పెద్ద నల్లమద్ది దుంగ పెట్టాం. రంపం ఎక్కడా ఆగకుండా దిగిపోయింది. ఎప్పుడూ ఎవరినీ మెచ్చుకోనివాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాత ముక్కు ఎగబీల్చి, "ఈ పొగేందిరా?" అన్నాడు.

"నూనె మామా. పెట్రోల్లో కలపాల."

"ఎవరు చెప్పినారు?"

"మేస్త్రీ."

మామ మేస్త్రీ వంక ఒకసారి చూసి ఊరుకున్నాడు. ఆయన ఊరుకుంటే లోపల చాలా అనుకుంటున్నాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను మాత్రం ఆ పూట సంతోషంలో ఉన్నాను.

మిషన్ కూపుకు చేరింది. నేను ఇంజను దగ్గర, గూడెం నుంచి కూలికి వచ్చిన చెంచు మనిషి ఒకాయన రెండో పిడి దగ్గర. పని బాగా సాగింది. అప్పుడు మామ కూపు చూడటానికి వచ్చాడు. నేను కలిపి పెట్టిన డబ్బా మూత తీసి, వేలు ముంచి, బొటనవేలితో రుద్దుకున్నాడు.

"జిడ్డు," అన్నాడు. "దుడ్లు పోసి పెట్రోలు కొంటే ఇంజన్లో జిడ్డు పోస్తారారా?"

నూనె తొట్టి లేని సంగతి, బేరింగుల సంగతి, నీలం పొగ సంగతి అన్నీ చెప్పాను. ఆయన నా మాటలు వినడం లేదు, నా మొహం చూస్తున్నాడు. "వాడు నిన్ను కలుపుకున్నాడు," అన్నాడు చివరికి.

నాకు ఒళ్ళు మండింది. "అంత అనుమానముంటే నువ్వే నడుపుకో మామా," అని విసురుగా పక్కన పారే వంక దగ్గరికి పోయి చేతులు కడుక్కుని, కాసేపు అక్కడే కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి మామ శాంతంగా ఉన్నాడు. "సరేలే. నడుపు," అన్నాడు. ఆ శాంతమే నాకు నచ్చలేదు. అయినా తాడు లాగాను.

ఇంజను ఎప్పటికన్నా చురుగ్గా పలికింది. గొంతు సన్నబడి పైకి పోయింది. మామ ఎదురుగా నిలబడి, "చూసినావా? పొగ యాడ ఇప్పుడు?" అని అరిచాడు.

సైలెన్సర్ వంక చూశాను. పొగ లేదు. స్విచ్చు మీదికి చెయ్యి పోయేలోపే ఇంజను కీచుమని అరిచి బిగుసుకుపోయింది. చెంచు మనిషి పిడి వదిలేసి వెనక్కి దూకాడు. రంపం మానులోనే ఇరుక్కుంది, కాలిన ఇనుము వాసన కొట్టింది. టాంకు మూత తీసి వేలు ముంచాను. వేలు గాలికి ఇట్టే ఆరిపోయింది. ఏ మాత్రం జిడ్డు లేదు.

"ఏం పోసినావ్ మామా?"

"పెట్రోలు. అసలు పెట్రోలు. ఆళ్ళగడ్డ నుంచి నా చేత్తో తెచ్చినా. నీ డబ్బా, టాంకు రెండూ ఒంపేసినా," అన్నాడు. దాచిపెట్టాలన్న ఆలోచన కూడా ఆయనకు లేదు. "మంచి పెట్రోలుకు తట్టుకోలేదంటే లోపల దొంగ సామాను ఉండాది. ఆ సంగతి బయటపడకుండానే వాడు నూనె పోయించినాడు."

ఎటునుంచి చూసినా అనుమానం ఇంకా గట్టిపడేదే తప్ప వదిలేది కాదు.

మిషన్ను దుంగల లారీలో వేసుకుని నంద్యాలకు బయలుదేరాం. డ్రైవరు పక్కన మామ, మామ పక్కన నేను. దారిలో ఆయన చాలా మెత్తగా మాట్లాడాడు. "షెడ్డు కాడికి మిల్లోళ్ళను, లారీలోళ్ళను పిలిపిస్తాండా. నువ్వు ఒక్క మాట చెప్తే చాలు. వాడు పట్టా అడ్డం కట్టుకుని పని చేసినాడా లేదా?"

"చేసినాడు."

"అంతే చెప్పు. అబద్ధం ఆడమంటాండానా? మిగతాది నేను చూసుకుంటా. మద్రాసులో ఇంకో మిషన్ చూసి పెట్టినా. అది నీదే."

నిజమే, ఆయన అబద్ధం ఆడమనలేదు. పట్టా కట్టుకున్నాడన్న ఒక్క నిజం చెప్తే చాలు, ఆ మేస్త్రీ దగ్గరికి నంద్యాలలో ఇంకెవరూ ఇంజను తేరు. నాకు మిషన్ దక్కుతుంది, గుంటక తప్పుతుంది. నేను ఆశపడలేదంటే మీరు నమ్మొద్దు. బాగా ఆశపడ్డాను.

షెడ్డు ముందు బండ మీద పెద్దమనుషులు కూర్చున్నారు. మేస్త్రీ పానా చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మామ జరిగిందంతా తనకు తోచినట్టు చెప్పి, నా వైపు తిరిగి, "చెప్పు అల్లుడా. పట్టా కట్టుకున్నాడా?" అన్నాడు.

"కట్టుకున్నాడు," అన్నాను. మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. "కట్టుకున్నా నేను ఎత్తి చూసినా. సామాను మార్చలేదు. ఈ ఇంజనుకు పెట్రోల్లోనే నూనె పోయాల. మా మామ ఒట్టి పెట్రోలు పోసినాడు, లోపల ఎండి పట్టేసింది."

సిలిండరు ఊడదీసి చూపించాను. పిస్టన్ పక్కలు గీతలు పడి కాలిపోయి ఉన్నాయి, లోపల ఎక్కడ వేలు పెట్టినా చుక్క నూనె లేదు. ఒక లారీ యజమాని తానూ వేలు పెట్టి చూసి, తన కొడుకు ఫట్‌ఫటీకి కూడా అట్లే కలుపుతారని అన్నాడు. ఆ మాటతో పంచాయితీ తేలిపోయింది. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. మేస్త్రీకి పని రాని సంగతి మాత్రం నేను ఎత్తలేదు.

మామ అరుస్తాడనుకున్నాను. అరవలేదు. దగ్గరికొచ్చి నా ఒక్కడికే వినబడేట్టు, "వాడు నీకేం ఆశ పెట్టినాడు?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. నమ్మలేదు. ఆ తర్వాత ఆయన బతికినంత కాలం నాతో మాట్లాడలేదు. రాజధాని హైదరాబాదుకు పోయి కలప ధర పడిపోయినప్పుడు కూడా, అదీ మేస్త్రీ, నేను కలిసి చేసిన పనే అన్నట్టు మా అమ్మతో మాట్లాడేవాడట.

మామ వెళ్ళాక షెడ్డులో మేమిద్దరమే మిగిలాం. నాకు ఇక కూపు లేదు, మిషన్ లేదు. కానీ గుంటక దగ్గరికి పోనని అప్పటికే అనుకున్నాను.

"అన్నా, నన్ను పనిలో పెట్టుకో. జీతం ఇయ్యకపోయినా సరే," అన్నాను.

ఆయన పానా కింద పెట్టి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"నా కొంప నిలబెట్టినావ్. కాదనను," అన్నాడు. "కానీ సొంత మామను నలుగురిలో నిలదీసినోడివి. రేపు నన్ను నిలదీయవని ఏం నమ్మకం? నాకు ఈ పని రాదని నంద్యాలలో తెలిసింది నీకొక్కనికే. నువ్వు ఈడ తిరుగుతాంటే నాకు నిద్ర పట్టదప్పా."

కోపం రావాల్సింది. ఏడుపొచ్చింది. మామ నన్ను నమ్మలేదంటే సరే, ఆయన ఎవరినీ నమ్మడు. ఎవరి కోసం మామను పోగొట్టుకున్నానో ఆయనా నమ్మలేదు. మేస్త్రీ నా సంచి తెచ్చి చేతికిచ్చాడు.

"చెయ్యి బాగా తిరిగింది నీకు. యాడికన్నా పో, బతుకుతావ్. ఈడ మాత్రం వద్దు," అన్నాడు.

ఆ సాయంత్రం డోన్ పోయే రైలెక్కాను. అక్కడ ఒక లారీ షెడ్డులో నేనెవరో ఎవరికీ తెలియదు కాబట్టి పనిలో పెట్టుకున్నారు.